గ్యాస్ ప్లాంటా, బొగ్గు ప్లాంటా? చంద్రపూర్ వైపు నుంచి చూస్తే

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో బల్లార్షా, రాజురా వైపు మనవాళ్లకు బొగ్గు గనుల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క చంద్రపూర్ థర్మల్ ప్లాంటే 2,920 మెగావాట్లు. గోదావరి డెల్టాలోలాగా గ్యాస్‌తో కరెంటు తీస్తే మేలు కదా అన్న మాటా వస్తుంటుంది.

ఇంధనం: బొగ్గు కాళ్ల కిందే ఉంది. గ్యాస్ పైపులో రావాలి.
కట్టడం: గ్యాస్ ప్లాంటు త్వరగా లేస్తుంది, స్థలమూ నీళ్లూ తక్కువ.
కాలుష్యం: గ్యాస్‌కు బూడిద లేదు, కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే. బొగ్గు బూడిద గురించి డాబా మీద బట్టలు ఆరేసేవాళ్లను అడగండి.

అసలు చిక్కు రిస్క్ దగ్గర. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో సముద్రం కింద ఉన్న డీ6 క్షేత్రంలో 2009లో గ్యాస్ మొదలైంది. దాన్ని నమ్ముకుని ఆంధ్రాలో ప్లాంట్లు కట్టారు. తర్వాత ఉత్పత్తి పడిపోయి, 2013కల్లా కరెంటు ప్లాంట్లకు సరఫరా ఆగింది. యంత్రాలు కొత్తవే, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదుగా!

గ్యాస్ బావి దగ్గరే ఉండి, నిల్వ ఎంతో తేలి, సరఫరా ఒప్పందం చేతిలో ఉంటే గ్యాసే. సోలార్ తగ్గే సాయంత్రాలకు తోడు కావాలన్నా గ్యాసే. రోజంతా ఒకే లోడు (కరెంటు వాడకం), పక్కనే గని అంటే బొగ్గు. కాకపోతే బూడిద చెరువు ఏ ఊరి పక్కన పెడతారో ముందే అడగాలి.