వంశధార ఒడ్డు నుంచి చూస్తే: వీటో మేలా, మెజారిటీ మేలా?

మాది ఒడిశాలోని గుణుపురం. ఊరి పక్కనే వంశధార. ఎగువన ఒడిశా, దిగువన ఆంధ్ర. నీళ్లు చెరి సగమని 1962లోనే ఒప్పుకున్నారు. అయినా ఆ నది మీద ఆంధ్ర కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ సంగతి దశాబ్దాల పాటు నలిగి, చివరికి ట్రిబ్యునల్‌కు ఎక్కింది. అందరూ సరే అంటేనే పని జరగాలంటే ఎంత కాలం పడుతుందో మాకు తెలుసు. ఇక్కడ తెలుగువాళ్లం కొద్దిమందిమి. ఎక్కువ చేతులు లేచిన వైపే న్యాయం అంటే కలిగే టెన్షన్ కూడా తెలుసు. అందుకే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో వీటోను, అంటే ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా తీర్మానం ఆగిపోయే హక్కును, ఒక్క మాటతో కొట్టిపారేయలేను.

మెజారిటీ చాలనేవాళ్లు 1933ను గుర్తు చేసుకోవాలి. చైనా నుంచి జపాన్ ఆక్రమించిన మంచూరియా విషయంలో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితిలో 42 దేశాలు ఒకవైపు ఓటేశాయి, జపాన్ ఒక్కటే ఎదురు వేసింది. వేసి, లేచి వెళ్లిపోయింది. మంచూరియా మాత్రం దాని చేతిలోనే ఉండిపోయింది. బలమైన దేశాన్ని ఓట్లతో ఓడించవచ్చు, ఆపడానికి సైన్యం ఎవరు పంపుతారు? పెద్ద దేశాలు బయటికి పోకుండా ఉండాలంటే వీటో తప్పదన్న వాదనకు బలం అక్కడి నుంచే వచ్చింది. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సోవియట్ వీటో మూడుసార్లు మన దేశానికి అండగా నిలిచింది, అదీ మరవకూడదు.

అసలు పేచీ వేరే చోట ఉంది. తగాదాలో ఉన్న దేశమే ఓటు వేయవచ్చా? 1944లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం జరిగిన డంబార్టన్ ఓక్స్ చర్చలు తెగనిది ఇక్కడే. వేయకూడదని బ్రిటన్, అమెరికా అన్నాయి, కుదరదని సోవియట్ ప్రతినిధి గ్రోమికో పట్టుబట్టారు. 1945 ఫిబ్రవరిలో ఆ మూడు దేశాల నేతలు కలిసిన యాల్టాలో మధ్యేమార్గం దొరికింది: శాంతియుత పరిష్కారాల్లో కక్షిదారు ఓటు వేయకూడదు, బలప్రయోగం, ఆంక్షల విషయంలో వేయవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి నియమావళిని ఖరారు చేసిన సభలో ఆస్ట్రేలియా మంత్రి ఇవాట్ ఇంకో అడుగు వేసి, శాంతియుత పరిష్కారాలకు వీటోయే వద్దన్నారు. ఆయన సవరణకు 10 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 20. పదిహేను దేశాలు ఎటూ వేయలేదు.

నా ఓటు ఇవాట్‌కే. బలగాలు పంపే నిర్ణయంలో వీటో ఉండనివ్వండి, లేకపోతే పెద్ద దేశాల మధ్యే యుద్ధం వస్తుంది. కానీ రాజీ కుదర్చడానికి ఒక్క దేశం అడ్డుపడటం ఎందుకు? యాల్టా షరతునైనా అన్ని తీర్మానాలకూ వర్తింపజేయాల్సింది. మా పల్లెల్లో గట్టు తగువు వస్తే, ఆ గట్టు మీద పేచీ ఉన్నవాడు ఎంత పెద్ద రైతైనా తీర్పు చెప్పేవాళ్ల పక్కన కూర్చోడు, ఎదురుగా నిలబడతాడు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్‌పై దాడిని ఖండించే తీర్మానానికి 11 ఓట్లు వచ్చాయి. దాన్ని ఆపింది దాడి చేసిన రష్యా ఓటే. ఆ నెల అధ్యక్ష స్థానంలో కూర్చున్నదీ రష్యానే.