ఇన్సాస్ రైఫిల్: సర్వీసంతా భుజాన మోశాక చెప్తున్న మాట

ముందే నా తీర్పు చెప్పేస్తాను. మన దేశంలోనే తయారై సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ చెత్త తుపాకీ కాదు, గొప్ప తుపాకీ కూడా కాదు. దాని కాలంలో అది పనికొచ్చింది. కానీ నాకంటే పదేళ్ల ముందే అది రిటైర్ కావాల్సింది. ట్రైనింగ్ సెంటర్లో నా చేతికిచ్చిన మొదటి ఆయుధం అదే, సర్వీసులో ఎక్కువ కాలం నా భుజాన ఉన్నదీ అదే. మధ్యలో కశ్మీర్లో ఏకే మోశాను, ఆఖర్లో కొన్నాళ్లు అమెరికా నుంచి వచ్చిన సిగ్ రైఫిల్ కూడా వాడాను. మూడూ వాడాను కాబట్టే పోల్చి రాయగలుగుతున్నాను.

మాది దర్శి దగ్గర పల్లె. సాగర్ కాలువ కట్ట మీద తెల్లారుజామున పరుగులు తీసే కుర్రాళ్లు మా వైపు ఎప్పుడూ ఉంటారు. గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు నుంచి నోటిఫికేషన్ పడిందంటే ఇంకా ఎక్కువమంది కనపడతారు. పదహారొందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో ఎలా పూర్తి చేయాలో అడగడానికి నా దగ్గరకొస్తారు, ఆ కబురయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "బాబాయ్, ఇప్పుడు అందరికీ ఏకే ఇస్తున్నారంట గదా? ఆ పాత ఇన్సాస్ లేదంట గదా?" యూట్యూబ్‌లో చూసొచ్చి అడిగే ప్రశ్న అది. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. అందుకే తుపాకీతో మొదలుపెట్టి ఢిల్లీ దాకా వెళ్తున్నాను.

ముందు మంచి మాట. కొత్తగా వచ్చిన రిక్రూట్‌కు ఇన్సాస్ అంటే భయం ఉండదు. మాకు నేర్పిన ఉస్తాదులు ఇన్సాస్‌కు ముందున్న ఎస్ఎల్ఆర్ రైఫిల్ కాల్చినవాళ్లు. దాని దెబ్బకు భుజం వాచిపోయేదని చెప్పేవాళ్లు. ఇన్సాస్‌ది 5.56 మిల్లీమీటర్ల చిన్న తూటా (రౌండు), కుదుపు తక్కువ. భుజం మీద దెబ్బ పడుతుందన్న భయం పోతే కుర్రాడు కళ్లు మూసుకోడు, ట్రిగ్గర్‌ను గుంజడు, గురి కుదురుతుంది. సరిగ్గా జీరోయింగ్ చేసుకున్న, అంటే గురి చూసిన చోటే తగిలేలా సైటు సరిచేసుకున్న రైఫిల్‌తో వంద మీటర్ల మీద ఐదు రౌండ్లు కొడితే అన్నీ అరచేతి కింద దాగేంత దగ్గర దగ్గరగా పడేవి. మూడొందల మీటర్ల మీద కూడా నమ్మకంగా కొట్టేవాణ్ని. ప్లాస్టిక్ మ్యాగజైన్ పారదర్శకంగా ఉంటుంది, ఎన్ని రౌండ్లు మిగిలాయో కంటికి కనపడుతుంది. చిన్న విషయమే గానీ రాత్రంతా డ్యూటీలో ఉన్నవాడికి అది పెద్ద సుఖం.

ఆ మ్యాగజైనే దాని బలహీనత కూడా. 1999లో కార్గిల్ కొండల మీద చలికి ఆ ప్లాస్టిక్ చిట్లడం, రైఫిళ్లు జామ్ కావడం బయటపడ్డాయి. 2005లో నేపాల్ సైన్యం కూడా ఇన్సాస్ మీద ఫిర్యాదు చేసింది. తర్వాత మార్పులు చేశారు. నా చేతికొచ్చిన తర్వాతి రైఫిళ్లు మొదటివాటికంటే మెరుగే, ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అయినా బరువు తగ్గలేదు. చిన్న రౌండు కాల్చే రైఫిల్ ఖాళీగానే నాలుగు కిలోలు దాటితే ఎలా? మ్యాగజైన్లో ఇరవై రౌండ్లే. సెలెక్టర్ తిప్పితే ఒక్కొక్కటిగా, లేదంటే మూడేసి చొప్పున బరస్ట్, అంతే. పొదల్లోంచి పది గజాల దూరంలో ఒకడు ఏకేతో లేచినప్పుడు మూడు రౌండ్ల దగ్గర ఆగిపోయే తుపాకీ చేతిలో ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు.

శుభ్రం చేయడం గురించి కూడా చెప్పాలి. పుల్‌త్రూ తాడుకి చిందీ (గుడ్డముక్క) కట్టి బ్యారెల్లోంచి లాగితే మొదట నల్లగా వస్తుంది, తర్వాత బూడిద రంగులో, తెల్లగా వచ్చేదాకా లాగాల్సిందే. గ్యాస్ పిస్టన్‌కు అంటిన మసి వేలి గోటితో గీకినా తొందరగా పోదు. నూనె తక్కువైతే తుప్పు, ఎక్కువైతే కాల్చేటప్పుడు కంట్లో పడుతుంది. ఏకేను బురదలోంచి తీసి దులిపి కాల్చొచ్చు. ఇన్సాస్‌ను బతిమాలి చూసుకోవాలి. కశ్మీర్లో ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్ దళానికి వెళ్లిన ప్రతివాడూ కోత్ (ఆయుధాలు దాచే గది) దగ్గర మొదట ఏకే కోసమే ఎందుకు చూసేవాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. అసలు ఇన్సాస్ చేతికి రావడం ఆలస్యమైనందుకే 1990ల మొదట్లో బయటి దేశాల నుంచి ఏకేలు తెప్పించారు. పుట్టుక కూడా ఆలస్యమే, పోవడం కూడా ఆలస్యమే.

ఇక ఫైరింగ్ రేంజ్. కొత్తవాళ్లకు చెప్తే నమ్మరు గానీ, ఫైరింగ్ అయ్యాక అసలు పని మొదలవుతుంది. కాల్చిన ఖోకాలన్నీ, అంటే ఖాళీ తూటా గొట్టాలన్నీ ఏరాలి. ఇచ్చిన రౌండ్లెన్ని, తిరిగొచ్చిన ఖోకాలెన్ని, లెక్క సరిపోవాలి. ఒక్కటి తక్కువైనా కంపెనీ మొత్తం వరుసగా వంగి గడ్డి దువ్వుకుంటూ వెతకాల్సిందే. ఆ క్రమశిక్షణ మీద నాకు ఫిర్యాదు లేదు, ఆయుధం విషయంలో అలాగే ఉండాలి. నా బాధ వేరు. కొన్నేళ్లు కాల్చడానికిచ్చే రౌండ్లే తక్కువగా ఉండేవి. ఖాళీ రైఫిల్‌తో గురి పట్టడం, ట్రిగ్గర్ నొక్కడం ఎంత ప్రాక్టీస్ చేసినా, నిజమైన రౌండు పేలినప్పుడు చెయ్యి నేర్చుకునే పాఠం వేరు.

మా యూనిట్లో కనిపించిన ఈ కొరత దేశమంతటా ఎంతుందో తర్వాత కాగితాల్లో చూశాను. ఎడతెగని యుద్ధం వస్తే 40 రోజులకు సరిపడా మందుగుండు ఉండాలన్నది సైన్యం పెట్టుకున్న లెక్క. 2016 సెప్టెంబర్ నాటికి 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజులకు కూడా చాలవని 2017లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. అంతకు ఐదేళ్ల ముందు, 2012 మార్చిలో, అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ వి.కె.సింగ్ ప్రధాని మన్మోహన్ సింగ్‌కు రాసిన లేఖ బయటికొచ్చింది. ట్యాంకులకు మందుగుండు లేదు, గగనతల రక్షణ సామగ్రి దాదాపు అంతా కాలం చెల్లినదే అని అందులో ఉంది. అప్పుడు జరిగిన గోలంతా లేఖ ఎవరు బయటపెట్టారన్న దాని మీదే. రెండేళ్లకు ప్రభుత్వం మారింది, ఆ జనరల్ కేంద్రమంత్రి కూడా అయ్యారు, రక్షణ శాఖలో కాకపోయినా. కాగ్ లెక్క మాత్రం ఆ తర్వాతిదే. అంటే జబ్బు ఒక పార్టీది కాదు. ఉరీ దాడి తర్వాత అత్యవసర కొనుగోళ్లకు వైస్ చీఫ్‌లకు అధికారాలిచ్చారు, నిల్వలు మెరుగుపడ్డాయి. అంతమంది జవాన్లు పోయేదాకా ఎందుకు ఆగాలన్నదే నా ప్రశ్న.

రైఫిల్ సంగతికొస్తాను. ఇన్సాస్ బదులు కొత్తది కావాలని 2011లో టెండర్ పిలిచారు. ఒకే రైఫిల్ రెండు రకాల రౌండ్లు కాల్చాలని షరతు పెట్టారు. నాలుగేళ్లు నడిచి 2015లో అది రద్దయింది. తర్వాత చిన్న రౌండు వద్దు, పెద్ద 7.62 కావాలన్నారు. దేశంలో తయారు చేసి చూపించిన నమూనా పరీక్షలో నెగ్గలేదు. ఈ లోపల నాలాంటివాళ్లు పాత రైఫిల్‌తోనే పోస్టింగ్ మీద పోస్టింగ్ చేశారు. చివరికి 2019 ఫిబ్రవరిలో అమెరికా నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. అది చేతికొచ్చినప్పుడు తేడా తెలిసింది. దూరం బాగా కొడుతుంది, తగిలితే లేవడు, పైన గురిచూసే సైటు బిగించుకోవడానికి గాడి పట్టీ ఉంది. భుజానికి గట్టిగానే తన్నుతుంది, రౌండ్లు బరువు. కొండ సరిహద్దుకు మంచి తుపాకీ అంటాను.

ఏకే 203 కథ వేరు. 2019 మార్చి 3న, లోక్‌సభ ఎన్నికలకు నెల ముందు, అమేథీ దగ్గర కోర్వాలో ప్రధాని మోదీ ఆ ప్రాజెక్టును ప్రారంభించారు. అమేథీ అప్పుడు రాహుల్ గాంధీ సీటు. సభ జరిగింది, టీవీల్లో వచ్చింది. ధర తేలి 6,01,427 రైఫిళ్లకు ఒప్పందం మీద సంతకాలు పడింది మాత్రం 2021 డిసెంబర్‌లో. ముహూర్తం ముందు పెట్టుకుని సంబంధం తర్వాత మాట్లాడుకున్నట్టు అయింది. ఇప్పుడు తయారవుతున్నాయి, జవాన్లకు అందుతున్నాయి, అందుకు సంతోషమే. కానీ ఓట్ల తేదీని బట్టి సభలు పెట్టినంత చురుగ్గా సంతకాలు కూడా పెట్టి ఉంటే కొన్ని బెటాలియన్లకు అది ముందే అందేది.

ఈ ఆలస్యానికి మూలం ఎక్కడుందో సర్వీసులో పెద్దవాళ్లంతా ఒకటే చెప్పేవాళ్లు: బోఫోర్స్. 1986 మార్చిలో ఆ స్వీడన్ కంపెనీ దగ్గర 1,437 కోట్లకు సుమారు 400 శతఘ్నులు కొన్నారు. మరుసటేడు ఏప్రిల్లో స్వీడన్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది. 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఓడిపోయింది. ముడుపులు తిన్నవాణ్ని పట్టుకుని శిక్షించాలి, అందులో రెండో మాట లేదు. జరిగింది అది కాదు. కేసు దశాబ్దాలు నడిచింది, శతఘ్నుల కొనుగోలు ఆగిపోయింది. తర్వాత టెండర్ పిలవడం, ఎవరి మీదో ఆరోపణ రావడం, ఆ కంపెనీని బ్లాక్‌లిస్టులో పెట్టడం, మళ్లీ మొదటికి రావడం. సైన్యం తర్వాతి పెద్ద శతఘ్ని, అమెరికా ఎం777, కొనడానికి ఒప్పందం కుదిరింది 2016 నవంబర్‌లో. ముప్పై ఏళ్లు! మధ్యలో కార్గిల్ గెలిపించింది ఆ బోఫోర్సే. ఆ కొండల మీద దాని మోత విన్నవాళ్లను అడగండి.

అప్పట్నుంచి ఆఫీసుల్లో ఒక అలవాటు స్థిరపడింది. ఫైలు మీద సంతకం పెట్టినవాడికి రేపు సీబీఐ నోటీసు రావచ్చు. పెట్టనివాడికి ఏమీ కాదు, ప్రమోషన్ ప్రమోషనే, పింఛన్ పింఛనే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి కొనుగోలులో కుంభకోణం వెతకడం, అధికారంలోకి రాగానే అదే భయంతో ఫైలు తొక్కిపెట్టడం రెండు పెద్ద పార్టీలూ చేశాయి. యుద్ధవిమానాలదీ అదే దారి. 2007లో 126 విమానాలకు టెండర్ పిలిస్తే, 2016లో 36 రఫేల్స్‌కు ఒప్పందం కుదిరింది, 2019 ఎన్నికల్లో అదే గొడవ. వైమానిక దళానికి మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల దళాలు). 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లు పక్కకు తప్పుకున్నాక మిగిలినవి 29.

మనవాళ్లకు ఇది దూరపు సంగతి అనిపించొచ్చు. ఒంగోలు దాటాక కొరిశపాడు దగ్గర హైవే మీద అత్యవసరంగా విమానాలు దిగడానికి రన్‌వే కట్టారు కదా. 2022 డిసెంబర్ 29న అక్కడ ట్రయల్ జరిగింది, యుద్ధవిమానాలు రోడ్డును ఆనుకున్నట్టు కిందికొచ్చి లేచాయి. మంచి పని, యుద్ధంలో ఎయిర్‌బేస్ మీద బాంబు పడితే ఇలాంటి రోడ్లే దిక్కు. అయితే రన్‌వేలు ఎన్ని కట్టినా వాటి మీద దిగే విమానాలు తగ్గిపోతుంటే ఆ కాంక్రీటు వల్ల లాభం ఏముంది?

డబ్బు గురించి ఎక్కువ రాయను, ఒక్క లెక్క చాలు. 2018లో ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ పార్లమెంటు స్థాయీ సంఘం ముందు ఉన్నదున్నట్టు చెప్పారు. సైన్యం సామగ్రిలో 68 శాతం పాతబడిపోయింది, అత్యాధునికమైనది 8 శాతమే. ఆ ఏడాది ఆధునికీకరణకు ఇచ్చిన 21,338 కోట్లు అప్పటికే చేసుకున్న ఒప్పందాల బాకీలకే చాలవు, వాటికే 29,033 కోట్లు కావాలి అన్నారు. యూనిఫాంలో ఉండి ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. ఆయన మీద నాకు గౌరవం.

తుపాకీ ఒకటే ఉంటే చాలదు, దాన్ని పట్టుకునే చెయ్యి కావాలి. కోవిడ్ పేరుతో 2020 నుంచి భర్తీ ర్యాలీలు ఆగిపోయాయి. మా వైపు ఫిజికల్ పాసై రాత పరీక్ష కోసం ఎదురుచూస్తూ వయసు దాటిపోయిన పిల్లలున్నారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల సర్వీసు, తర్వాత నలుగురిలో ఒకరికే కొనసాగింపు. సరాసరి వయసు తగ్గుతుంది, పింఛన్ భారం తగ్గుతుంది అన్నారు. ఆ వాదనను నేను కొట్టిపారేయను. కానీ చిన్న జట్టు జవాన్లను నడిపించే ఒక సెక్షన్ కమాండర్‌ను తయారు చేయడానికి ఎన్ని చలికాలాలు పడతాయో నాకు తెలుసు. మంచులో జామ్ అయిన రైఫిల్‌ను చీకట్లో, చేతులు మొద్దుబారినప్పుడు విప్పి బిగించడం నాలుగేళ్లలో వస్తుంది. పక్కవాడికి నేర్పడం, వాడు భయపడినప్పుడు నిలబెట్టడం అంత తొందరగా రాదు. 2024 అక్టోబర్ నాటికి అధికారులు కాక మిగతా ర్యాంకుల్లో 92 వేలకు పైగా ఖాళీలున్నాయని ప్రభుత్వమే పార్లమెంటు సంఘానికి చెప్పింది.

మా దగ్గర ఎన్నికలొస్తే వెలిగొండ నీళ్ల గురించి అడుగుతాం, పొగాకు ధర గురించి అడుగుతాం. అడగాల్సిందే, బతుకు అది. కానీ ఎంపీ ఓటుకొస్తే ఇంకొకటి కూడా అడగండి: రక్షణ స్థాయీ సంఘం నివేదిక ఒక్కటైనా చదివారా, మా పిల్లలు మోసే ఆయుధం గురించి సభలో ఒక్క ప్రశ్నైనా వేశారా అని. మా ఊరి మీటింగుల్లో నేను అడుగుతున్నాను. మైకులో "జై జవాన్" అని అరిచి దండం పెట్టి వెళ్లిపోతే నాకు సరిపోదు.

ఇక వాడేవాళ్లకు. ఇన్సాస్ ఇప్పటికీ పోలీసుల్లో, కేంద్ర బలగాల్లో చాలామంది చేతుల్లో ఉంది. మీకు అదే వస్తే దిగులు పడొద్దు, తిట్టుకుంటూ మూల పెట్టొద్దు. కోత్ నుంచి తీసుకోగానే మ్యాగజైన్ పెదాలు (రౌండ్లను పట్టి ఉంచే పై అంచులు) వేలితో తడిమి చూడండి. సన్నని చీలిక తగిలినా మార్పించండి, సర్దుకుపోవద్దు. ఇరవై పెట్టాల్సిన చోట పద్దెనిమిదే పెట్టండి, స్ప్రింగ్ మీద భారం తగ్గుతుంది. గ్యాస్ రెగ్యులేటర్ ఏ గుర్తు మీద ఉందో ప్రతిసారీ చూసుకోండి. ఇంకొకరు జీరో చేసిన రైఫిల్‌ను నమ్మొద్దు, రేంజ్‌కు తీసుకెళ్లిన రోజు మొదటి ఐదు రౌండ్లు దానికే ఖర్చు పెట్టండి. రౌండ్లు తక్కువ ఇచ్చారని క్లాసిఫికేషన్ (ఫైరింగ్ పరీక్ష) కోసం దాచుకుంటారు చాలామంది. జీరో కాని రైఫిల్‌తో క్లాసిఫికేషన్ కాల్చినా ఉపయోగం లేదు.