నల్లగొండలో కుండలినీ యోగా క్లాసు: చేరొచ్చా?

నల్లగొండలో కుండలినీ యోగా నేర్పే మంచి చోటు ఉందా అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాస్తున్నా. రామగిరి వైపు ఒక ఇంటి పై అంతస్తులో నడిచే క్లాసు ఇది. బోర్డు కూడా లేదు, వెళ్లేవాళ్లంతా మేడ మీది క్లాసు అనే అంటారు. నేను, మా అత్తమ్మ పొద్దున బ్యాచ్‌కి వెళ్తున్నాం. చేరొచ్చా అంటే నిశ్చింతగా చేరొచ్చు, కానీ వెన్ను అడుగున నిద్రపోతుంటుందని చెప్పే కుండలిని అనే శక్తి లేస్తుంది, జబ్బులన్నీ పోతాయి అనుకుని మాత్రం చేరకండి.

మొదటి రోజు సారు ఒక్క ఆసనం కూడా వేయించలేదు. బీపీ ఉందా, గుండె జబ్బు ఉందా, మూర్ఛ, హెర్నియా ఉన్నాయా, ఈ మధ్య కడుపు ఆపరేషన్ ఏమైనా అయిందా, గర్భవతులు ఎవరైనా ఉన్నారా అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారు. బీపీ ఉన్న ఒకావిడకు, మేం వేగంగా చేసేటప్పుడు మీరు మామూలుగా నిదానంగా ఊపిరి తీసి వదలండమ్మా, అది చాలు అని చెప్పారు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. అంతకుముందు మన టౌన్‌లోనే ఇంకోచోట డెమోకి వెళ్తే ఎవర్నీ ఏమీ అడగకుండా తొలి రోజే అందరితో గబగబా ఊపిరి తీయించారు, ఒకమ్మాయికి కళ్లు తిరిగి కూలబడితే శక్తి పైకి లేస్తోంది, భయపడొద్దు అన్నారు. ఊపిరి అతి వేగంగా తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ పిల్లను ఆపి కూర్చోబెట్టాల్సింది పోయి శక్తి అని చెప్పడం నాకు చాలా కోపం తెప్పించింది.

ఇక్కడ అరచేతులు రుద్దుకుని, ఓంగ్ నమో గురుదేవ్ నమో అని మూడుసార్లు అనడంతో మొదలవుతుంది. తర్వాత బాసిపట్లు వేసుకుని, చీలమండలు పట్టుకుని, ఊపిరి తీస్తూ ఛాతీ ముందుకు, వదులుతూ వెన్ను వెనక్కి. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే నాలాంటివాళ్లకు నడుము దగ్గర పట్టేసినదంతా అక్కడే వదులవుతుంది. ఆ తర్వాత అసలైనది, అగ్ని ప్రాణాయామం. కపాలభాతి వచ్చినవాళ్లు ఇది కూడా అదే అనుకుని తప్పు చేస్తారు. కపాలభాతిలో వదలడం మీదే బలం, తీసుకోవడం దానంతట అదే జరుగుతుంది. ఇందులో తీసేదీ వదిలేదీ రెండూ సమానం, రెండూ ముక్కుతోనే, బొడ్డు దగ్గర మాత్రమే కదలిక, భుజాలు, మొహం కదలకూడదు. సారు కొత్తవాళ్లతో 30 సెకన్లే చేయించి ఆపుతారు. లయ కుదిరేదాకా టైము పెంచరు, ఎంత అడిగినా పెంచరు. మూలబంధం, అంటే కటి అడుగు కండరాల్ని బిగించి పట్టడం, అది కూడా అంతే, పద్ధతి తెలిశాకే.

చివర్లో శవాసనం అయ్యాక కీర్తన క్రియ ఉంటుంది, నేను ఈ క్లాసుకు వెళ్లేది ఎక్కువగా దానికోసమే. స, త, న, మ అని నాలుగు అక్షరాలు. ఒక్కో అక్షరానికి బొటనవేలితో వరసగా చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు నొక్కుతూ పోవాలి. 2 నిమిషాలు గట్టిగా, 2 నిమిషాలు గుసగుసగా, 4 నిమిషాలు మనసులోనే, మళ్లీ 2 గుసగుసగా, 2 గట్టిగా, మొత్తం 12 నిమిషాలు. మనసులో అనుకునే ఆ 4 నిమిషాల్లోనే ఆఫీసు, పిల్లల ఫీజులు, గ్యాస్ బుకింగ్ అన్నీ గుర్తొస్తాయి, వేళ్లు మాత్రం ఆగకుండా నడుస్తుంటాయి కాబట్టి మళ్లీ దారికొస్తాం. పడుకోబోయే ముందు ఇంట్లో కూడా చేస్తున్నా. నిద్ర తొందరగా పడుతోంది, చిన్నదానికీ పెద్దదానికీ వచ్చే టెన్షన్ బాగా తగ్గింది.

మా అత్తమ్మ సంగతి వేరు. ఆమెది మర్రిగూడ వైపు. ఆ ఊళ్లలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్ల కీళ్లు ఎలా బిగుసుకుపోతాయో మన జిల్లావాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆమె కింద కూర్చోలేదు, మెడ పూర్తిగా తిప్పలేదు. సారు కుర్చీ వేయించి, చేతులు మోకాళ్ల మీద పెట్టించి, వంగినంతే వంగమన్నారు. "అమ్మా, దీంతో ఎముకలు బాగవుతాయని నేను చెప్పను. డాక్టరు మందులు ఆపొద్దు. ఇక్కడ ఊపిరి వరకే మన పని" అన్నారు. లలితా సహస్రనామం ప్రతి శుక్రవారం చదివే మనిషి కాబట్టి మూలాధారం, మణిపూరం లాంటి చక్రాల (ఒంట్లో శక్తి ఉండే చోట్లని చెప్పేవి) పేర్లు ఆమెకు నాకంటే బాగా తెలుసు, సారు చక్రాల గురించి చెప్తుంటే ముందే అందుకుంటుంది. కీళ్ల నొప్పి అలాగే ఉంది. కానీ పొద్దున్నే లేచి, బిడ్డా టైమవుతోంది అని నన్ను లేపేది ఇప్పుడు ఆమే.

లాభాల గురించి ఒక లెక్క ఉంది. అమెరికాలో ఆందోళన జబ్బు ఉన్న 226 మంది మీద చేసిన పరిశోధన 2020లో వచ్చింది. 12 వారాల తర్వాత కుండలినీ యోగా చేసినవాళ్లలో 54 శాతం మందికి గుణం కనిపించింది, ఒత్తిడి గురించి పాఠాలు మాత్రమే విన్నవాళ్లలో 33 శాతం మందికి, సీబీటీ అనే మాటల చికిత్స తీసుకున్నవాళ్లలో 71 శాతం మందికి. అంటే పనిచేస్తుంది, కానీ తీవ్రంగా బాధపడేవాళ్లు డాక్టరును వదిలేసి దీన్నే పట్టుకోకూడదు.

హాల్లో ఏ గురువు ఫొటో లేదు, అది కూడా నాకు నచ్చింది. ఈ పద్ధతిని 1969 నుంచి అమెరికాలో వ్యాప్తి చేసిన యోగి భజన్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి, ఆయన అనుయాయుల సంస్థే వేయించిన విచారణ 2020లో వాటిలో చాలావరకు నిజమయ్యే అవకాశమే ఎక్కువని తేల్చింది. ఎవరో అడిగితే సారు దాచకుండా చెప్పారు. సాధన మీది, మనిషిని పూజించాల్సిన పని లేదు అన్నారు.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం బ్యాచ్‌లో చేయి చాపితే పక్కవాళ్లకు తగులుతుంది, పెళ్లిళ్ల సీజన్‌లో పక్క ఫంక్షన్ హాల్ డీజే మోత వేరే. వాట్సాప్ గ్రూపులో కుండలిని లేచి షుగర్ పోయింది అంటూ ఎవరో ఒకరు ఫార్వర్డ్‌లు పెడుతుంటారు, సారు చూసి ఊరుకుంటారు. ఊరుకోకూడదు, అది చదివి ఎవరైనా మాత్రలు ఆపేస్తే ఎలా? ఫీజు నెలకు 800, ఏడాదిది ఒకేసారి కట్టమని ఒత్తిడేమీ లేదు.

వెళ్లాలనుకుంటే పొద్దున బ్యాచ్‌కే వెళ్లండి, ఖాళీ కడుపుతో, ఒక దుప్పటి పట్టుకుని. పెద్దవాళ్లను తీసుకెళ్తే చేయి పట్టుకుని ఎక్కించండి, మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోడానికి ఏమీ లేదు. రెయిలింగ్ పెట్టించమని మేం అడుగుతున్నాం, చేరాక మీరూ అడగండి.