ఆత్మ మీద రోజుకో సూక్తి పంపే యాప్: మూడు నెలలు వాడాక

పొద్దున్నే ఫోన్ టింగుమంటుంది, తెర మీద సూర్యాస్తమయం బొమ్మ, దాని మీద ఆత్మ గురించి ఏ కవిదో తత్వవేత్తదో ఒక మాట, కింద షేర్ బటన్. యాప్ మొత్తం ఇంతే. పేరు చెప్పను, ఇలాంటివి బోలెడున్నాయి. పొద్దున పూట సూర్యాస్తమయం ఏంటో కూడా అడగను.

ఏరినవాళ్లు మాత్రం బాగా చదువుకున్నవాళ్లే. మొదట కఠోపనిషత్తు రథం వచ్చింది: శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, కూర్చున్నవాడు ఆత్మ. కొన్ని వారాలకు ప్లేటో రథం. అందులో గుర్రాలు రెండే, ఒకటి చెప్పిన మాట వింటుంది, రెండోది చచ్చినా వినదు, తోలేవాడికి చుక్కలు కనిపిస్తుంటాయి. ఆ తర్వాతెప్పుడో బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడిగిన ప్రశ్న: ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా? ఏదీ కాదంటాడు రాజు. అయితే నాగసేనుడన్నదీ అలాంటి పేరే, లోపల విడిగా ఎవరూ లేరంటాడు భిక్షువు. మొదటి రథంలో దర్జాగా కూర్చున్నవాణ్ని మూడో రథం దించేసింది! ఈ మూడూ పక్కపక్కన పెడితే ఎంత బాగుండేది. పాతవి వెతికే వీలు కూడా లేదు, నేనే స్క్రీన్‌షాట్లు తవ్వి కలుపుకున్నాను.

ఇక తప్పులు. ఒకరోజు 'ఆత్మ వీణ మీద పలికే శ్రుతి లాంటిది' అని వేసి కింద సోక్రటీస్ అని పెట్టారు. ఆ మాట సోక్రటీస్‌ది కాదు, ఆయన విషం తాగబోయే రోజున పక్కనున్న మిత్రుడు సిమ్మియాస్ లేవదీసిన అభ్యంతరం. వీణ విరిగితే శ్రుతి పోయినట్టే శరీరం పోతే ఆత్మా పోదా అని అతని అనుమానం. సోక్రటీస్ కూర్చుని దాన్ని తిప్పికొడతాడు, ప్లేటో రాసిందే అది. ఎదుటి లాయరు వాదనని తీసుకొచ్చి మన లాయరు నోట్లో పెట్టినట్టుంది. 'నీకు ఆత్మ లేదు, నువ్వే ఆత్మవి, నీకున్నది శరీరం' అన్నది సీ.ఎస్. లూయిస్ పేరుతో వచ్చింది, ఆయన రాసింది కాదది.

వేమనకైతే మరీ అన్యాయం. 'ఆత్మశుద్ధి లేని యాచారమది యేల' దగ్గరే కోసేశారు. తర్వాత వచ్చే 'భాండశుద్ధి లేని పాకమేల' లేకపోతే ఆ పద్యంలో దెబ్బేముంది? తోమని గిన్నె కళ్ల ముందు కనిపించాకే కదా మొదటి మాట తగిలేది.

అనువాదం గురించి కూడా చెప్పాలి. అరిస్టాటిల్ మాటకీ ఆత్మే, రూమీ మాటకీ ఆత్మే. అరిస్టాటిల్ లెక్కలో మొక్కకి కూడా అదుంది, కన్నే ఒక జంతువైతే చూపే దాని ఆత్మ అంటాడు, అంటే ఆయన చెప్పేది మన ప్రాణానికి దగ్గర. ప్రాణం, జీవుడు, మనసు, అంతరాత్మ అని ఇన్ని మాటలున్న భాషలో అన్నిటికీ ఒకటే మూత పెట్టడం బద్ధకం కాక ఏంటి?

ఇంకోటి. ఆత్మకి మెదడులోని చిన్న గ్రంథే ముఖ్య స్థానం అన్న ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ మాట గొప్పగా వేశారు గానీ, 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకి ఉత్తరం రాసి, ఆలోచించడమే తప్ప ఇంకేమీ లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందండీ అని అడిగింది. ఆమెకప్పుడు 24 ఏళ్లు. డెకార్ట్ జవాబుకి ఆమె తృప్తి పడలేదు, మళ్లీ అడిగింది. మూడు నెలల్లో ఆమె మాట ఒక్కటీ రాలేదు.

ఇదంతా యాప్‌లోనే ఫీడ్‌బ్యాక్‌గా రాసి పంపాను. మర్నాడు జవాబొచ్చింది, 'మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు' అని, సూర్యాస్తమయం మీద. రెండు స్టార్లు, ఆ రథాల కోసం.