అద్దె కారులో లోపలి కెమెరా: చాలాకాలం వాడిన తర్వాత నా సమీక్ష

సొంత కారు కొనకుండా, అవసరం వచ్చినప్పుడల్లా హైదరాబాదులో సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. బండ్ల కండిషన్ గురించి గానీ, కిరాయి గురించి గానీ పెద్దగా ఫిర్యాదు లేదు. ఈమధ్య తీసుకుంటున్న కార్లలో మాత్రం అద్దం వెనక రెండు లెన్సుల డ్యాష్‌క్యామ్ తరచుగా కనిపిస్తోంది. ఒక లెన్సు రోడ్డును చూస్తే, రెండోది లోపల కూర్చున్నవారిని చూస్తుంది.

రోడ్డును చూసే కెమెరాకు నేను పూర్తిగా అనుకూలం. ముందున్న వ్యాను రివర్సులో వచ్చి నా బంపర్‌ను గుద్దినప్పుడు, తప్పు నాది కాదని తేల్చి డిపాజిట్ నిలబెట్టింది ఆ రికార్డింగే. జీపీఎస్ విషయంలోనూ అభ్యంతరం లేదు. లక్షల విలువైన బండిని ముక్కూముఖం తెలియని మనిషి చేతిలో పెట్టే యజమానికి ఆ మాత్రం భరోసా ఉండాలి.

లోపలి కెమెరాకు ఆ సమర్థన చాలదు. సీట్లు పాడయ్యాయా, సిగరెట్ కాల్చారా అన్నది బండి తిరిగి అప్పగించేటప్పుడే తెలిసిపోతుంది, దానికి మా మాటలు వినే మైకు ఎందుకు? యాదగిరిగుట్ట వెళ్తూ చెల్లెలి పెళ్లి సంబంధం గురించి మాట్లాడుకుంటుండగా, మా అమ్మ "ఆ ఎర్ర దీపమేమిట్రా?" అని అడిగింది. చెప్పాక గుట్ట చేరేదాకా ఆ ఊసే ఎత్తలేదు. బుకింగ్‌లో రికార్డింగ్‌కు ఒప్పుకుంటూ టిక్ పెట్టింది నేను. ఆవిడను ఎవరూ అడగలేదు. పైగా లెన్సుకు కాగితం అంటిస్తే పరికరాన్ని పాడుచేసినట్లు లెక్కగట్టి జరిమానా వేస్తామని షరతుల్లో రాసి ఉంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. చెప్పిన ప్రయోజనానికి అవసరమైన డేటాకే అది పరిమితం. దానికి సంబంధించిన నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా కల్పించాలి. నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఈ వివాదం మన దగ్గరే పుట్టినదీ కాదు. అమెరికాలో కార్లు అద్దెకిచ్చే హెర్ట్జ్ సంస్థ, నెవర్‌లాస్ట్ అనే తన దారి చూపే పరికరాల్లో లోపలికి చూసే కెమెరాలు పెట్టిన సంగతి 2015లో బయటపడినప్పుడు, వాటిని వాడటం లేదని సంస్థ చెప్పుకుంది. కారులో కూర్చున్నవాడు ఆ మాటను ఎలా సరిచూసుకోవాలి?

నన్ను అన్నిటికంటే కలవరపరిచింది మెమరీ కార్డు. ఒక కారులో నా రికార్డింగ్ కోసం డ్యాష్‌క్యామ్ వైఫైకి ఫోన్ కలిపితే, తయారీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఇంకా పనిచేసింది. నాకంటే ముందు ఆ బండి తీసుకున్న కుటుంబం, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలతో సహా, తెరమీద ప్రత్యక్షమైంది. యజమానికి చెబితే, "కార్డు నిండితే పాతవి వాటంతటవే పోతాయండీ" అన్నారు.

అయిదుకు మూడు మార్కులు వేస్తాను. ఒంటరిగా వెళ్లే పనులకు ఈ కార్లు ఇప్పటికీ తీసుకుంటున్నాను. ఇంటివాళ్లతో వెళ్లేటప్పుడు మాత్రం, లోపలి లెన్సునూ మైకునూ నా ఎదుటే ఆపి ఇస్తారా అని బుకింగ్‌కు ముందే మెసేజ్‌లో అడుగుతాను. కొందరు యజమానులు ఏ పేచీ లేకుండా సెట్టింగ్స్‌లో ఆపి చూపిస్తున్నారు. కిరాయి కాస్త ఎక్కువైనా వారి బండే తీసుకుంటాను.