డీజిలా, హైబ్రిడ్డా: కుటుంబ ఎస్‌యూవీకి ఏది మేలు?

కారు కొనబోయే ఇంట్లో సలహా చెప్పే పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆయన అడిగే మొదటి ప్రశ్న, నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని. ఎక్కువ తిరిగేవారికి డీజిల్, తక్కువ తిరిగేవారికి పెట్రోల్ అన్న ఆ లెక్క ఒకప్పుడు సరైనదే. 2012 మే నెలలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటినప్పుడు, ప్రభుత్వ రాయితీ ఉన్న డీజిల్ 41 రూపాయలకే దొరికేది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగిపోయింది. ఆ తర్వాత రెండింటి మధ్య తేడా కరుగుతూ వచ్చి, 2025 నాటికి హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల పైన, డీజిల్ 95 రూపాయల పైన నిలిచాయి. ధరలో తేడా పన్నెండు రూపాయలకు దిగిపోవడమే కాక డీజిల్ ఇంజను స్వభావం కూడా మారిపోయింది కనుక, ఆ పాత ప్రశ్న ఇప్పుడు సరిపోదు. ఎంత తిరుగుతారన్నదానికంటే ఎక్కడ తిరుగుతారన్నదే ముందు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

పోలిక స్పష్టంగా ఉండటానికి బళ్ళ పేర్లతోనే మాట్లాడుకుందాం. డీజిల్ వైపు హ్యుందాయ్ క్రెటా, మన పెనుకొండ దగ్గరి కర్మాగారంలో తయారయ్యే కియా సెల్టోస్ ఉన్నాయి. ఈ రెండింటిలోనూ 116 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, ఇచ్చే 1.5 లీటర్ల డీజిల్ ఇంజనే ఉంటుంది. హైబ్రిడ్ వైపు 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ ఉన్నాయి. పేర్లు, ముఖాలు వేరైనా ఆ రెండింటి లోపలి యంత్రం ఒకటే: మూడు సిలిండర్ల 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటారు, రెండూ కలిసి ఇచ్చే శక్తి దాదాపు 116 పీఎస్. అంకెల్లో శక్తి సమానంగానే కనిపిస్తుంది కానీ, రోడ్డు మీద ఈ రెండు రకాల బళ్ళు ప్రవర్తించే తీరులో పోలికే లేదు.

షోరూముకు వెళ్ళేముందు ఒక జాగ్రత్త అవసరం. బండి వెనుక హైబ్రిడ్ అన్న మాట కనిపించినంత మాత్రాన అది మనం మాట్లాడుకుంటున్న హైబ్రిడ్ కాకపోవచ్చు. గ్రాండ్ విటారాలోనే ‘స్మార్ట్ హైబ్రిడ్’ పేరుతో అమ్మే మైల్డ్ హైబ్రిడ్ రకం ఒకటి ఉంది. అందులోని చిన్న మోటారు ఇంజనుకు కొద్దిపాటి చేయూత ఇస్తుందే తప్ప, బండిని ఒంటరిగా కదిలించలేదు. కంపెనీ ప్రకటించిన మైలేజీ దానికి లీటరుకు సుమారు 21 కిలోమీటర్లు కాగా, మోటారుతో మాత్రమే కూడా నడవగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97. సేల్స్‌మన్ హైబ్రిడ్ అన్నప్పుడు, ఇంజను ఆగిపోయి ఉండగా బండి మోటారుతో మాత్రమే నడుస్తుందా అని అడిగితే సంగతి తేలిపోతుంది.

ఇక నగరం సంగతి. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట వరకు పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్ళే బండి కదిలే సమయం కంటే ఆగే సమయమే ఎక్కువ. హైబ్రిడ్‌కు కావలసింది సరిగ్గా అటువంటి రోడ్డే. బ్రేకు తొక్కిన ప్రతిసారీ వేడిగా మారి వృథా కావలసిన శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరుతుంది, సిగ్నల్ పడగానే ఆ శక్తితోనే బండి చప్పుడు లేకుండా కదులుతుంది, ఇంజను అవసరమైనప్పుడు మాత్రమే మేలుకుంటుంది. ఇందులో క్లచ్ ఉండదు, మెట్లుమెట్లుగా మారే గేర్లు ఉండవు. ఇంజను శక్తిని, మోటారు శక్తిని ఒక గేర్ల అమరిక ఎప్పటికప్పుడు కలుపుతూ విడదీస్తూ ఉంటుంది. మైలేజీ కంటే నాకు విలువైనదిగా తోచేది ఏసీ. ఈ బళ్ళలో ఏసీ కంప్రెసర్ బెల్టుతో కాక కరెంటుతో తిరుగుతుంది కాబట్టి, మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలిచిపోయినప్పుడు ఇంజను ఆగి ఉన్నా చల్లగాలి ఆగదు. బ్యాటరీలో చార్జీ తగ్గినప్పుడు ఇంజను కాసేపు ఆన్ అయి మళ్ళీ ఆగిపోతుంది.

అదే రోడ్డు నేటి డీజిల్ ఇంజనుకు శత్రువు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చినప్పటి నుంచి డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటోంది. పట్టుకున్న మసిని అది ఎప్పటికప్పుడు కాల్చి బూడిద చేసుకోవాలి, అందుకు 600 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా వేడి కావాలి, ఆ వేడి పుట్టాలంటే బండి కొంతసేపు నిలకడైన వేగంతో ఆగకుండా నడవాలి. రోజూ నాలుగు కిలోమీటర్ల దూరంలోని బడికి పిల్లలను దింపి తిరిగి వచ్చే బండికి ఆ అవకాశం దొరకదు. మసిని కాల్చడం మొదలుపెట్టిన ఇంజను, ఇల్లు రాగానే తాళం తిప్పేయడంతో పని సగంలో ఆపేస్తుంది. ఇలా పదేపదే జరిగితే, కాల్చడం కోసం అదనంగా చిమ్మిన డీజిల్ కాలకుండా ఇంజను ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పైన ఉన్న గీతను దాటి ఉండటం దీనికి ఆనవాలు. దాన్ని పట్టించుకోకపోతే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, ఆ తర్వాత ఇంజను తన శక్తిని తానే తగ్గించుకుని ఈడ్చుకుంటూ నడుస్తుంది, వడపోత మార్చవలసి వస్తే బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది. హైదరాబాదులో ఉన్నవారికి ఔటర్ రింగు రోడ్డు ఈ విషయంలో అక్కరకు వస్తుంది. వారానికోసారి అరగంట పాటు దాని మీద నడిపితే మసి చాలావరకు కాలిపోతుంది. కానీ బండి ఆరోగ్యం కోసం పని లేకపోయినా డీజిల్ తగలేసి తిరిగి రావలసి వచ్చినప్పుడు, ఆ బండి మన అవసరానికి తగినదేనా అని ఆలోచించుకోవాలి. ఇది చాలదన్నట్టు, కొన్ని డీజిల్ బళ్ళలో నైట్రోజన్ ఆక్సైడ్లను అదుపు చేయడానికి యూరియా ద్రావణం నింపే ప్రత్యేక ట్యాంకు కూడా ఉంటుంది. అది ఖాళీ అయ్యేదాకా హెచ్చరికలను లెక్కచేయకపోతే, ఒకసారి ఆపిన ఇంజను మళ్ళీ స్టార్ట్ కాదు.

హైవే ఎక్కగానే పరిస్థితి మారుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో నిలకడగా సాగే హైబ్రిడ్‌కు బ్రేకు వేసే అవసరం అరుదు, అందువల్ల బ్యాటరీలోకి తిరిగి చేరే శక్తి కూడా తక్కువే. అక్కడ బరువంతా మోసేది ఆ మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజనే. ఐదుగురు మనుషులు, వారి సామాను ఉన్నప్పుడు లారీని ఓవర్‌టేక్ చేయబోతే ఇంజను గట్టిగా అరుస్తుంది కానీ, ఆ అరుపుకు తగ్గ వేగం వెంటనే రాదు. డీజిల్ బండికి ఆ ఇబ్బంది లేదు. ఇంజను నెమ్మదిగా తిరిగే తక్కువ ఆర్‌పీఎం దగ్గరే 250 న్యూటన్ మీటర్ల టార్క్ అందుతుంది కాబట్టి, కాలు కొద్దిగా నొక్కితే చాలు, ముందుకు దూసుకుపోతుంది.

లెక్క వేసి చూద్దాం. మైలేజీ విషయంలో కంపెనీ అంకెలను పక్కనపెట్టి, డీజిల్ ఆటోమేటిక్ నగరంలో లీటరుకు 12.5, హైవేపై 18 కిలోమీటర్లు ఇస్తుందని, హైబ్రిడ్ నగరంలో 21, హైవేపై 19.5 ఇస్తుందని అనుకుందాం. పైన చెప్పిన హైదరాబాద్ ధరల ప్రకారం నగరంలో కిలోమీటరుకు డీజిల్‌కు దాదాపు 7 రూపాయల 60 పైసలు, హైబ్రిడ్‌కు 5 రూపాయల 10 పైసలు ఖర్చవుతాయి. హైవే మీద మాత్రం డీజిల్‌కు 5 రూపాయల 30 పైసలు, హైబ్రిడ్‌కు 5 రూపాయల 50 పైసలు. అంటే ఏడాదికి 12,000 కిలోమీటర్లు ఊళ్ళోనే తిరిగే కుటుంబానికి హైబ్రిడ్ దాదాపు 30,000 రూపాయలు మిగిలిస్తుంది. అంతే దూరాన్ని హైవే మీద తిరిగే కుటుంబానికి మిగిలేది ఏమీ లేదు, పైగా రెండు మూడు వేలు చేతినుంచే పడతాయి. ఈ తరగతిలో డీజిల్ ఆటోమేటిక్ ధర, స్ట్రాంగ్ హైబ్రిడ్ ధర ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి కాబట్టి, నగరవాసికి ఈ మిగులు మొదటి రోజు నుంచే లాభం.

హైబ్రిడ్ కొన్నవారు తర్వాత నొచ్చుకునే చోటు ఒకటుంది, అది డిక్కీ. గ్రాండ్ విటారాలో బ్యాటరీ డిక్కీ కింద కూర్చోవడం వల్ల 373 లీటర్లుగా ఉండవలసిన చోటు స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 265 లీటర్లకు తగ్గిపోయింది. క్రెటాలో అది 433 లీటర్లు. సంక్రాంతికి ఊరికి వెళ్ళేటప్పుడు రెండు పెద్ద సూట్‌కేసులు పెడితేనే నిండిపోయే డిక్కీలో, తిరుగు ప్రయాణంలో అమ్మమ్మ కట్టించిన అరిసెల డబ్బా, బియ్యం సంచి, ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి అన్నీ పిల్లల కాళ్ళ దగ్గరికి చేరతాయి. టెస్ట్ డ్రైవ్‌కు వెళ్ళేవారు ఇంట్లోని సూట్‌కేసులను వెంట తీసుకువెళ్ళి డిక్కీలో పెట్టి చూడటంలో మొహమాటపడవలసిన పనేమీ లేదు.

ఘాట్ రోడ్డు గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఎక్కేటప్పుడు డీజిల్‌దే పైచేయి అనడంలో సందేహం లేదు. దిగేటప్పుడు మాత్రం హైబ్రిడ్ బ్యాటరీ నిండా కరెంటు వస్తుందని కొందరు సంబరపడతారు, అది కొంతవరకే నిజం. తిరుమల నుంచి తిరుపతికి దిగే ఎత్తు దాదాపు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,600 కిలోల బరువున్న బండి అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి మూడు యూనిట్ల కరెంటుకు సమానం. అందులో కొంత టైర్ల రాపిడికి, గాలికి పోయినా, మిగిలినదాన్ని దాచుకోవడానికి గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో ఉండే 0.76 యూనిట్ల బ్యాటరీ ఏ మూలకూ చాలదు. అది దారిలోనే నిండిపోతుంది, ఆ తర్వాత వచ్చే శక్తిని అది తీసుకోలేదు. అందుకే గేర్ లీవర్‌లో ‘బి’ అనే స్థానం ఇచ్చారు. దానిలో ఉంచితే ఇంజనే బండిని వెనక్కు పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోయే ప్రమాదం తగ్గుతుంది. కొండ దిగే ముందు హైబ్రిడ్ యజమానులు గుర్తుపెట్టుకోవలసిన అక్షరం ఇది.

ఏడుగురు, ఎనిమిదిమంది ఉన్న కుటుంబాల దగ్గరకు వచ్చేసరికి తీర్పు తారుమారవుతుంది. టయోటా ఇన్నోవాను ఎస్‌యూవీ అనడం కొందరికి నచ్చకపోవచ్చు కానీ, ఉమ్మడి కుటుంబాల ప్రయాణం గురించి రాస్తూ దాన్ని వదిలేయడం కుదరదు. ఒకే సంస్థ 2.4 లీటర్ల డీజిల్‌తో ఇన్నోవా క్రిస్టాను, 2.0 లీటర్ల పెట్రోల్ హైబ్రిడ్‌తో ఇన్నోవా హైక్రాస్‌ను పక్కపక్కనే అమ్మడం వల్ల మన ప్రశ్నకు ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. క్రిస్టా ఛాసిస్ మీద కట్టిన బండి, వెనుక చక్రాలతో నడుస్తుంది, ఇప్పుడు మాన్యువల్ గేర్లతో మాత్రమే దొరుకుతోంది. హైక్రాస్ 186 పీఎస్ శక్తితో, ముందు చక్రాలతో, ఆటోమేటిక్‌గా నడుస్తుంది. దానికి ప్రకటించిన మైలేజీ లీటరుకు 23.24 కిలోమీటర్లు. నడపడానికి హాయి హైక్రాస్‌దే, అందులో వాదనకు తావు లేదు. కానీ క్రిస్టా మొదటి రకానికీ హైక్రాస్ హైబ్రిడ్ మొదటి రకానికీ ధరలో ఐదు లక్షలకు పైనే తేడా ఉంది. నగరంలో కిలోమీటరుకు రెండున్నర రూపాయలు మిగిలినా, ఆ ఐదు లక్షలు తిరిగి రావడానికి రెండు లక్షల కిలోమీటర్లు నడవాలి. ఇంధనం ఆదా అవుతుందన్న కారణంతో హైక్రాస్ కొంటున్నామని చెప్పేవారు ఈ లెక్క వేయనట్టే. ఆటోమేటిక్ సుఖానికి, నిశ్శబ్దానికి, అదనపు సౌకర్యాలకు డబ్బు పెడుతున్నామని ఒప్పుకుంటే ఆ కొనుగోలు పూర్తిగా సమంజసమే. పన్నుల్లో హైబ్రిడ్‌కు ఉండిన మొగ్గు కూడా పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పరిమాణపు బళ్ళన్నింటికీ, డీజిల్ అయినా హైబ్రిడ్ అయినా, జీఎస్టీ 40 శాతమే.

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఉండేవారికి మరొక సంగతి ముఖ్యం. ఒంగోలు దగ్గర డీజిల్ బండి ఆగిపోతే చూడగలిగే మెకానిక్ అక్కడే దొరుకుతాడు, పెద్ద పనైతే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. హైబ్రిడ్‌లో నారింజ రంగు తీగలు కనిపించాయంటే వాటిలో ప్రాణం తీయగల వోల్టేజీ ఉన్నట్టు. శిక్షణ లేనివారు వాటిని తాకకూడదు కనుక, కంపెనీ వర్క్‌షాపు దూరంగా ఉన్నవారు దీన్ని ముందే ఆలోచించుకోవాలి. అయితే హైబ్రిడ్‌లలో క్లచ్, టర్బో, స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ వంటివి లేవు, బ్రేకు ప్యాడ్లు ఎక్కువ కాలం మన్నుతాయి, కాబట్టి చెడిపోయే భాగాలే తక్కువ.

నా తీర్పు రెండు ముక్కల్లో చెప్పాలంటే, ఐదుగురి లోపు ఉన్న, వారంలో ఐదారు రోజులు నగరంలోనే తిరిగే కుటుంబానికి డీజిల్ కొనమని నేను ఇక చెప్పను. నెలకు రెండు మూడుసార్లు నాలుగైదు వందల కిలోమీటర్లు నిండు బండితో వెళ్ళేవారికి, ఏడుగురికి చోటు కావలసినవారికి డీజిల్ ఇప్పటికీ సరైన ఎంపికే. ఢిల్లీకి బదిలీ అయ్యే అవకాశమున్న ఉద్యోగులు మాత్రం అక్కడ పాత డీజిల్ బళ్ళపై ఉన్న ఆంక్షలను ఒకసారి చూసుకోవాలి. వాడిన హైబ్రిడ్‌ను కొనేవారు ఓడోమీటర్ కంటే ముందు వారంటీ కాగితం అడగాలి. ఈ బళ్ళ బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందయితే అంతవరకు వారంటీ ఉంది. వాడిన డీజిల్‌ను కొనేవారు సర్వీసు పుస్తకంలో డీపీఎఫ్ ప్రస్తావన ఎన్నిసార్లు ఉందో చూసి, డిప్‌స్టిక్‌ను తమ చేత్తోనే తీసి ఆయిల్ మట్టం పరిశీలించాకే బేరానికి కూర్చోవాలి.