కెంట్‌లో నాలుగు వారాలు, ఆరు ఇళ్లు, ఒక టీ బండి

మా హాస్పిటల్లో కొత్తగా చేరిన కుర్రాడొకడు మొన్న అడిగాడు: "మేడమ్, మీరు అప్పట్లో ఫ్రీగా ఇంగ్లండు వెళ్లొచ్చారంట గదా, ఎట్లా?" ఫ్రీ అన్నమాట నిజమే. ఆ ఫ్రీ ట్రిప్పు కోసం ఇప్పటికీ వారం వారం కిస్తీ కడుతున్నాననే సంగతి వాడికి చెప్పడానికి లంచ్ టైము సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను వెళ్లింది 2007 ఏప్రిల్‌లో, ఇంగ్లండులోని కెంట్ అనే ప్రాంతానికి, రోటరీ అనే సేవా క్లబ్బుల ఫౌండేషన్ వాళ్ల గ్రూప్ స్టడీ ఎక్స్ఛేంజ్ కింద. 1965లో మొదలైన పథకం అది. ఉద్యోగంలో కుదురుకుంటున్న 25 నుంచి 40 ఏళ్ల వాళ్లను జట్టుగా ఇంకో దేశానికి పంపేవాళ్లు. జట్టు నాయకుడు రొటేరియన్. మిగతా వాళ్లు మాత్రం రోటరీ సభ్యులు కాకూడదు. విమానం టికెట్టు ఫౌండేషన్‌ది. తిండీ, బసా అక్కడి రోటరీ కుటుంబాలవి. హోటల్ అనే మాటే లేదు. "ముక్కూమొహం తెలియని వాళ్లిళ్లలో నెల్రోజులా!" అని మా అత్తమ్మ ముక్కున వేలేసుకుంది. నాలుగేళ్ల మావాణ్ని ఆ నెలంతా చూసుకుంది కూడా ఆవిడే.

అప్పటికింకా మా బెంగళూరులో దేవనహళ్లి ఎయిర్‌పోర్టు తెరవలేదు. మారతహళ్లిలో ఆటో ఎక్కి పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టులో దిగాను. ఇప్పుడు దేవనహళ్లికి పట్టే టైము చూస్తుంటే అదే ఆ ప్రయాణంలోకెల్లా పెద్ద సుఖమనిపిస్తుంది.

ముందు బసల సంగతి. నాలుగు వారాల్లో ఆరు ఇళ్లు మారాం. మొదటిది కాంటర్బరీలో, రిటైరైన టీచర్ దంపతులది. బాత్రూమ్‌లో తివాచీ! మగ్గు లేదు. రెండోరోజే బజారుకెళ్లి వంటింట్లో పాలు కొలిచే ప్లాస్టిక్ జగ్గు ఒకటి కొనుక్కుని, నెలంతా దాన్ని సూట్‌కేసులో మోశాను. శాకాహారినంటే పాపం ఆవిడ ఎనిమిది రకాలుగా బంగాళాదుంప వండింది. ఫావర్షమ్‌లో ఒక నర్సు ఇల్లు అన్నిటికంటే నచ్చింది. వెళ్లగానే చేతిలో తాళంచెవి పెట్టి, "నాకు డ్యూటీ ఉంది, ఆకలైతే ఫ్రిజ్ నీదే" అనేసి వెళ్లిపోయింది. మర్యాదలు తక్కువ, ఊపిరి ఎక్కువ. ఒక ఇంట్లో మాత్రం రాత్రి పదయితే హీటర్ కట్టేసేవాళ్లు. రెండు స్వెట్టర్లు, మా అమ్మ ఇచ్చిన శాలువా కప్పుకుని నాలుగు రాత్రులు గడిపాను. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, కానీ నాలుగైదు రోజులకోసారి పెట్టె సర్దడం మనిషిని అరగదీస్తుంది. రెండు మూడు ఇళ్లతో సరిపెట్టి ఉంటే బాగుండేది.

చూసిన చోట్లలో కాంటర్బరీ కెథడ్రల్ బాగుంది. 1170లో ఆర్చిబిషప్ బెకెట్‌ను చంపిన చోటు చూపించారు. డోవర్ తెల్ల కొండల మీద గాలి తప్ప ఇంకేం గుర్తు లేదు. మధ్యాహ్నం రోటరీ మీటింగుల్లో మా బెంగళూరు గురించి అవే స్లయిడ్లు, అవే జోకులు. మూడో వారానికి మా జోకులకు మేమే నవ్వడం మానేశాం.

విట్‌స్టబుల్‌లో ఒక రాత్రి భోజనానికి పిలిచారు. ఆ ఇంటి అల్లుడు ప్లంబర్. సగం తింటుండగా నడుముకున్న పేజర్ కూసింది. ఫోర్కు అక్కడే పెట్టి, చెప్పకుండా లేచి పరుగెత్తాడు. సముద్రంలో ఎవరో చిక్కుకుంటే లైఫ్‌బోటులో వెళ్లి తెచ్చే జట్టులో ఉన్నాడట. 1824లో పెట్టిన సంస్థ అది, పడవ మీద వెళ్లేవాళ్లలో చాలామంది జీతం లేని వాలంటీర్లే. నేను కంగారుపడుతుంటే ఇంటావిడ అతని కంచం మీద ఇంకో కంచం బోర్లించి, తన తిండి తాను తింటూ కూర్చుంది. ఆ బోర్లించడంలో కంగారు లేదు, గర్వమూ లేదు.

నన్ను నిజంగా పట్టుకున్నది హాస్పిస్. ఇక నయం కాదని తేలిన రోగులకు నొప్పి లేకుండా చూసే చోటు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ పెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్‌తో ఈ పద్ధతి లోకమంతా పాకింది. నా వృత్తికి సంబంధించిన రోజులు కొన్ని ఉండేవి, అందులో ఒకటి కెంట్‌లోని ఓ హాస్పిస్‌లో వేశారు. ఫిజియోథెరపిస్టుగా నాకు కీలు ఎన్ని డిగ్రీలు వంగిందో కొలవడం అలవాటు. అక్కడ కొలవడానికి ఏమీ లేదు. పదిన్నరకి ఒక ముసలాయన టీ బండి తోసుకుంటూ వచ్చాడు. పాత పోస్ట్‌మాన్, డెబ్భై దాటాయి. జేబులో చిన్న పుస్తకం, అందులో ఎవరికి ఎన్ని చెంచాల చక్కెర, ఎవరికి పాలు ముందు పొయ్యాలి అని రాసుకున్నాడు. మూలమంచం మీదాయన మింగలేడు. అయినా బండి ఆగింది. పుల్ల చివర స్పాంజి ముక్క ఉంటుందే, నోరు తడపడానికి వాడేది, దాన్ని టీలో ముంచి, కప్పు అంచుకి పిండి, ఆ పెదాల మీద మెల్లగా అద్దాడు. "రెండు చక్కెరలు, నీ ఇష్టప్రకారమే" అన్నాడు. రోగి నాలుక కొద్దిగా కదిలింది. అంతే. బండి పక్క మంచానికి వెళ్లిపోయింది.

గోడ మీద చార్టులో మంగళవారం గడిలో ఆ పోస్ట్‌మాన్ పేరుంది. తొమ్మిదేళ్లుగా అదే గడి అట. మనం పిల్లాడి పుట్టినరోజుకి ఆశ్రమంలో భోజనాలు పెట్టించి, ఫోటో దిగి వస్తాం. తప్పనను, ఆ పూట వాళ్లకు తిండి దొరుకుతుంది. కానీ ఈయన బుద్ధి పుట్టినప్పుడు రావడం లేదు, వంతు వచ్చినప్పుడు వస్తున్నాడు.

మరుసటేడు ఫిబ్రవరిలో, ఎక్స్ఛేంజ్ కదా, కెంట్ వాళ్ల జట్టు బెంగళూరు వచ్చింది. మేం చేసిన మర్యాదలకు నాకే సిగ్గేసింది. శాలువాలు, గంధపు దండలు, ఒక్కొక్కరికి మోయలేనన్ని మెమెంటోలు. మా ఇంట్లో దిగినామెకి పొద్దున ఆరింటి లాల్‌బాగ్ తెగ నచ్చింది, సాఫ్ట్‌వేర్ క్యాంపస్ అస్సలు నచ్చలేదు. ఆ ఆదివారం పల్స్ పోలియో. మా వీధి చివర బూత్‌లో ఆమెకు మార్కర్ పెన్ను ఇచ్చారు. చుక్కలు వేయించుకున్న పిల్లల ఎడమ చిటికెన వేలి గోరు మీద గుర్తు పెట్టడం పని. తెల్లావిణ్ణి చూసి పిల్లలు చేతులు వెనక్కి దాచుకుంటే, ముందు తన గోటికి రాసుకుని చూపించింది. రోటరీ పోలియో పని 1985 నుంచీ ఉన్నదే, ఆమెకు ముందే తెలుసు. అయినా పోలియో కాలికి కాలిపర్ అనే ఇనుప కడ్డీల ఆసరా వేసుకుని నడిచే పెద్దమనిషిని మా వీధిలోనే మొదటిసారి చూసిందట. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న వచ్చింది. 2014 మార్చిలో ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో లేదన్న సర్టిఫికెట్ వచ్చిన రోజు ఆమె పంపిన మెయిల్‌లో నల్ల రంగేసిన తన గోరు ఫోటో ఒక్కటే ఉంది.

నా వంతు ఇక్కడే దొరికింది. మారతహళ్లిలో కరుణాశ్రయ అనే హాస్పిస్ ఉంది. ఇండియన్ క్యాన్సర్ సొసైటీ కర్ణాటక శాఖ, బెంగళూరు ఇందిరానగర్ రోటరీ క్లబ్బు కలిసి 1994లో పెట్టిన ట్రస్టుది. రోగి దగ్గర పైసా తీసుకోరు. వార్డుల మధ్యన నీళ్లు, రాతిగోడలు, హాస్పిటల్ వాసన ఉండదు. రోజూ దాని ముందు నుంచే డ్యూటీకి పోతూ కూడా, దాని గేటు తట్టడానికి నేను కెంట్ దాకా వెళ్లి రావాల్సొచ్చింది.

ఫిజియోథెరపీ చేద్దామని వెళ్లాను. వాళ్లకు నా దగ్గర కావలసింది తెలుగు. కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రికి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఎంతమంది వస్తారో మనకు తెలిసిందే. అట్లా వచ్చి చేరిన కదిరి అవ్వ ఒకామె కన్నడం రాక రెండ్రోజులు నోరు విప్పలేదట. నేను "అవ్వా" అనగానే, "యా ఊరు పాపా మీది?" అంది. మదనపల్లె అన్నాను. "మనోళ్లే. రోంత కాపీ తెచ్చిపెట్టు" అంది. ఆఖరి శనివారం ఆమె మింగలేని స్థితిలో ఉంటే, సిస్టర్‌ని అడిగి, దూది కాఫీలో ముంచి బాగా పిండి పెదాలకు అద్దాను. "చక్కెర తక్కువైంది" అన్నట్టు మొహం పెట్టింది.

కెంట్ వెళ్లిన మా జట్టు నలుగురిలో ఇద్దరు ఇప్పుడు ఏ సేవలోనూ లేరు. కాబట్టి విమానం ఎక్కితే మనిషి మారిపోతాడని నేను చెప్పను. ఆ పథకం 2013లో ఆగిపోయింది. దాని బదులు వృత్తి శిక్షణ బృందాలను పంపుతున్నారు. ఫలానా పని నేర్పడానికో, నేర్చుకోవడానికో వెళ్లాలి, ఫలితం చూపించాలి. డబ్బు పెట్టేవాళ్లకు అదే సబబు. కానీ నేను చూసిన టీ బండి ఏ రిపోర్టులోనూ రాయదగ్గది కాదు. నాకైతే ఆ పాత పద్ధతిలోని తీరుబడే నచ్చింది. మా కుర్రాడికి చెప్పేదొకటే: ఎంపికైతే వెళ్లు, హోటల్ ఇస్తామన్నా వద్దను, జగ్గు మాత్రం ఇక్కణ్నించే తీసుకెళ్లు.

రేపు శనివారం, మూడింటికి నా వంతు. వాన పడేట్టుంది. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఇరుక్కోకూడదంటే రెండింటికే బయల్దేరాలి.